మంచి పళ్ళెం ఎవరికి?

ఫిబ్రవరి నెల వచ్చేసరికి ఈ దేశంలో దుకాణాలన్నీ ఎర్రబారతాయి. మనకు సంక్రాంతి వెళ్ళిపోయి, ఉగాది ఇంకా దూరాన ఉండే రోజులవి. మేముండే ఒహాయోలో అప్పటికి చలి మొహం మొత్తి ఉంటుంది. పద్నాలుగో తేదీన వాలెంటైన్స్ డే పేరిట హోటళ్ళకు వెళ్ళేవారు వెళతారు, చాక్లెట్ పెట్టెలు కొనేవారు కొంటారు. ఇవి అందరికీ తెలిసినవే. కొన్ని ఇళ్ళలో మాత్రం ఇంకొక ఆచారం ఉంది. ఆ సాయంత్రం ఇంట్లోనే భోజనాల బల్లను పండుగ బల్లగా తీర్చిదిద్దుతారు. తెల్లని గుడ్డ పరిచి ఎరుపు, గులాబీ రంగు పళ్ళేలు, గాజు గిన్నెలు, పాతకాలపు గ్లాసులు అమరుస్తారు. మధ్యలో పూలు, కొవ్వొత్తులు. ఆ సామాను ఒక దుకాణంలో ఒక్కసారిగా కొన్న సెట్టు కాదు. ఏళ్ళ తరబడి ఇక్కడొకటి అక్కడొకటి ఏరి తెచ్చి కూడబెట్టినది.

మనవాళ్ళ ఇళ్ళలోకి కూడా ఈ ఆచారం కొద్దికొద్దిగా ప్రవేశించింది. దాని వెంటే వాదనలూ వచ్చాయి. "మన పండుగ కాదు, మనకెందుకు?" అన్నది ఒకటి. "ఇదంతా ఆడంబరం, ప్రేమకూ పళ్ళేలకూ ఏమిటి సంబంధం?" అన్నది మరొకటి. మొదటిదాన్ని తొందరగా ముగించి రెండోదాని దగ్గర కాసేపు కూర్చుందాం.

వాలెంటైన్ అన్న పేరుతో రోమన్ల కాలంలో ఒకరికంటే ఎక్కువమంది క్రైస్తవ అమరులు ఉన్నారు. వారిని గురించి గట్టిగా తెలిసింది చాలా తక్కువ. 1969లో రోమన్ కాథలిక్ చర్చి తన పంచాంగాన్ని సవరించినప్పుడు ఆ రోజును సాధారణ పట్టికలోంచి తీసేసింది. ఆ రోజును ప్రేమతో ముడిపెట్టిన ఘనత ఇంగ్లీషు కవి చాసర్‌దని పండితులు చెబుతారు. 14వ శతాబ్దపు చివర ఆయన రాసిన పక్షుల సభ కావ్యంలో పక్షులు జంటలు ఎంచుకునేది ఆనాడే. తరవాత కార్డుల వ్యాపారులు, పూల వ్యాపారులు, మిఠాయి వ్యాపారులు తలా ఒక చెయ్యి వేశారు. దేవుడు వదిలేసి వ్యాపారి పట్టుకున్న పండుగ ఇది. ఇందులో మన మతానికి వచ్చే ముప్పు ఏమీ లేదు. పిల్లలు బడిలో తరగతిలోని ప్రతివాడికీ ఒక కార్డు రాసి ఇచ్చి వస్తుంటే, ఇంట్లో మనం ముఖం తిప్పుకుని కూర్చోవలసిన పనీ లేదు.

ఇక ఆ బల్ల సంగతి.

ఏరి తెచ్చిన సామాను అన్నాం గదా, అది ఎక్కడి నుంచి వస్తుందో చూస్తేనే దాని స్వభావం తెలుస్తుంది. ఇక్కడ ఒక ఇంటి పెద్దలు పోయాక ఆ ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేలు అని ఒకటుంటుంది. కార్ల షెడ్డులో పాత వస్తువులు పరిచి అమ్మేది గరాజ్ సేలు. దానధర్మాల సంస్థలు నడిపే పాత సామాను దుకాణాలు వేరే ఉన్నాయి. గులాబీ రంగు గాజు గిన్నెలు ఎక్కువగా కనిపించేది వీటిలోనే. వాటిని డిప్రెషన్ గ్లాసు అంటారు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం నాటి సరుకు. యంత్రాల మీద అచ్చుపోసిన చవక గాజు. ఒహాయో నదీ తీరపు కార్ఖానాల్లో లక్షల సంఖ్యలో తయారయింది. ఓట్స్ డబ్బాలో ఒక గిన్నె ఉచితంగా పెట్టేవారు. సినిమా హాళ్ళవాళ్ళు వారంలో ఒక రాత్రి టిక్కెట్టుతోపాటు ఒక పళ్ళెమో కప్పో ఇచ్చేవారు. సెట్టు పూర్తి కావాలంటే మళ్ళీ మళ్ళీ సినిమాకు రావాలి గదా! జీతాలు లేని రోజుల్లో ఒక ఇల్లాలు ఓట్స్ డబ్బా విప్పి, అందులో దొరికిన గులాబీ రంగు గిన్నెను తుడిచి కిటికీలో వెలుతురు తగిలేచోట పెట్టుకుని ఉంటుంది. ఇవాళ అవే గిన్నెలకు వెల కట్టే పుస్తకాలు వచ్చాయి.

ఈ బల్ల మీద తరచు కనిపించే మరొకటి విల్లో పళ్ళెం. మామూలుగా నీలం రంగుది. ఎరుపు, గులాబీ రంగుల్లోనూ దొరుకుతుంది గనక వాలెంటైన్ బల్లకు దాన్నే వెతుకుతారు. ఒక వంతెన, దాని మీద ముగ్గురు మనుషులు, ఒక ఏడుపు చెట్టు, ఒక మేడ, పైన ఎగిరే రెండు పక్షులు. చైనాలో ఒక పెద్దమనిషి కూతురు తండ్రి దగ్గర పనిచేసే గుమాస్తాను ప్రేమించిందనీ, ఇద్దరూ పారిపోయారనీ, చివరకు పక్షులై ఎగిరిపోయారనీ కథ. వినడానికి ఎంతో ప్రాచీనంగా ఉంటుంది. అయితే ఆ బొమ్మ గీసినవారు 18వ శతాబ్దం చివరి ఇంగ్లీషు కుమ్మరులు. చైనా పింగాణీకి గిరాకీ చూసి దాన్ని అనుకరించారు. రాగి రేకు మీద చెక్కిన బొమ్మను పల్చని కాగితం మీదికి తీసి, దాన్ని పళ్ళేనికి అద్దే పద్ధతి అప్పటికి వచ్చింది. కథ ఆ తరవాత పుట్టింది. ముందు పళ్ళెం, తరవాత ప్రేమ! మన ఊళ్ళలో కూడా గుడికి స్థలపురాణం ఒక్కొక్కప్పుడు ఇలాగే తయారవుతుంది గనక మనం నవ్వనక్కరలేదు.

ఈ బల్ల చూడగానే మన పెద్దలకు తట్టే మాట వేరు. ఎంగిలి. ఎవరో తిన్న పళ్ళెం, ఎవరో పెదవి ఆనించిన గ్లాసు, అందులోనూ పోయినవాళ్ళవి. కొని తెచ్చి పండుగనాడు దాంట్లో తినడమా? ఈ అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టిపారెయ్యడం మాకు ఇష్టం లేదు. మన భోజన పద్ధతి అంతా ఆ మాట చుట్టూ అల్లుకున్నది. అరటి ఆకుకు నిన్న అనేది లేదు, రేపు అనేది లేదు. కొన ఎడమవైపు వచ్చేట్టు పరిచి, నీళ్ళు చల్లి, తిని, మడిచి, ఆవుకు వేస్తే దాని కథ ముగిసింది. మోదుగ ఆకుల విస్తరి కూడా అంతే. ఇత్తడి, కంచు అయితే చింతపండు పెట్టి తోమితే శుద్ధి. మట్టిది శుద్ధి కాదు, పారెయ్యవలసిందే. పింగాణీ దగ్గర మాత్రం మన శాస్త్రం కొంచెం తడబడింది. పింగాణీ పళ్ళెంలో తినడానికి వీల్లేదన్న ఇళ్ళలోనే ఏడాది పొడుగునా మడిగా తాకవలసిన ఆవకాయ పింగాణీ జాడీలో ఉండేది. జాడీకి లేని మైల పళ్ళేనికి ఎలా వచ్చిందో మా అమ్మమ్మల కాలంలో అడిగినవారు లేరు.

ఎంగిలికి ఇంకొక ముఖం ఉంది. అది అంత ముచ్చటైనది కాదు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో టీ దుకాణాల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం సాగిందో తెలియనివారు లేరు. కొందరికి లోపల గ్లాసు, దళితులకు బయట గ్లాసు. వాళ్ళు తాగి, వాళ్ళే కడిగి, విడిగా పెట్టాలి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిన తరవాత కూడా ఆ గ్లాసు చాలా చోట్ల దాని మూలలో అదే ఉండిపోయింది. మన పట్నపు ఇళ్ళలో పనిమనిషికి వేరే పళ్ళెం, వేరే గ్లాసు మెట్ల కింద ఉండేవి. శుభ్రం అనే మాట చాటున దూరం పెట్టిన సంగతులు ఇవి. కనుక "ఎవరు తిన్న పళ్ళెమో" అనే ప్రశ్న మన నోటి నుంచి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగడం మంచిది. వేడినీళ్ళతో, సబ్బుతో పోయే ఎంగిలి వేరు, ఎన్ని నీళ్ళు పోసినా పోదనుకునే ఎంగిలి వేరు. రెండోది పళ్ళెంలో లేదు.

పళ్ళెంలో నిజంగా ఉండగలిగిన దోషం ఒకటుంది, దాన్ని మాత్రం పట్టించుకోవాలి. పాతకాలపు పింగాణీ పూతలలో, రంగులలో సీసం ఉండవచ్చు. పులుపు తగిలితే అది ఊరి తిండిలోకి దిగుతుంది. మన వంట ఎక్కడికి పోయినా పులుపే గదా! చింతపండు చారు, పులుసు, నిమ్మకాయ పులిహోర, పెరుగు, ఇవేవీ ఎంతకాలం నాటిదో తెలియని రంగు పళ్ళెంలో వడ్డించకూడదు, పిల్లలకు అసలే కూడదు. పగుళ్ళు తేలిన పూత అయితే ఇంకా జాగ్రత్త. అలాంటి పళ్ళేన్ని అడుగున అందానికి పెట్టి, దాని మీద మామూలు గాజు పళ్ళెమో, ఇండియా దుకాణంలో దొరికే అరటి ఆకు ముక్కో పరచవచ్చు. ఆకు కింద విల్లో పళ్ళెం ఎంత బాగుంటుందో చూసినవారికే తెలుస్తుంది.

ఆడంబరం అనే వాదనకు వద్దాం. 1899లో థార్‌స్టీన్ వెబ్లెన్ అనే ఆయన తీరిక వర్గాన్ని గురించి ఒక పుస్తకం రాశాడు. (నార్వే నుంచి వలస వచ్చిన రైతు దంపతుల కొడుకు, మనలాగే రెండు దేశాల మధ్య మనిషి.) అందులో ఒక చెంచా ఉదాహరణ ఇచ్చాడు. చేత్తో చేసిన వెండి చెంచా, యంత్రం మీద చేసిన చవక లోహపు చెంచా, రెండూ ఒకే పని చేస్తాయి. వెండి చెంచాను చూసి మనం అందం అనుకునేదానిలో చాలాభాగం దాని ఖరీదే అంటాడు. అది నకిలీ అని తెలిసిన క్షణంలో మనకు దాని అందం తగ్గిపోతుంది గనక. ఈ మాట చురుక్కుమంటుంది. మన ఇళ్ళలోని అద్దాల బీరువాలను తలచుకుంటే ఇంకా చురుక్కుమంటుంది. అయినా ఆ గులాబీ రంగు గిన్నె ఆయన లెక్కకు పూర్తిగా అందదని మా అభిప్రాయం. అది పుట్టింది ఉచితంగా. మొదట దాన్ని ఇష్టపడిన ఇల్లాలు దాని ఖరీదును చూసి ఇష్టపడలేదు, ఖరీదు లేదు గనక. ఆకలిగా ఉన్న మనిషికి కూడా రంగు కావాలనిపిస్తుంది. దాన్ని ఆడంబరం అనడం న్యాయం కాదు.

పైగా వస్తువులు ఏరి కూర్చి నలుగురికీ చూపడం మనకు కొత్తా? బొమ్మల కొలువు ఏమిటి మరి? కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్క పిడతలు, ఎవరో కాశీ నుంచి తెచ్చినవి, మేనత్త చిన్నప్పటివి, ఒకదానికొకటి పొంతన లేకుండా మెట్ల మీద చేరి కూర్చునేవి. చెయ్యి విరిగిన బొమ్మను కూడా వెనక వరసలో ఒక మూలకు జరిపి పెట్టేవారే గాని పారేసేవారు కాదు. పేరంటాళ్ళను పిలిచి శనగలు, తాంబూలం ఇచ్చేవారు. చూపడం తప్పయితే కొలువంతా తప్పే. బొమ్మ చూడడానికి పుట్టింది, చూస్తే దాని పని అయింది. పళ్ళెం పుట్టింది తినడానికి. తినకుండా చూపి మళ్ళీ బీరువాలో పెట్టడంలోనే ఏదో తేడా వస్తున్నది.

ఆ తేడా ఎస్టేట్ సేలుకు వెళితే కంటికి కనిపిస్తుంది. పన్నెండుమందికి సరిపడే డిన్నర్ సెట్టు ఉంటుంది, బంగారు అంచుతో. పెళ్ళికి వచ్చినదై ఉంటుంది. చేతిలోకి తీసుకుని వెలుతురులో వంచి చూస్తే దాని మీద ఒక్క కత్తి గీత ఉండదు. పక్క గదిలో, రోజూ తిన్న ప్లాస్టిక్ పళ్ళేలు పెట్టెలో పోసి ఉంటాయి, వెల పావలా డాలరు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలకు ఆ బంగారు అంచు పెదవికి ఎలా తగులుతుందో తెలియదు. మంచి పళ్ళేలు ఎవరో రాబోయే గొప్పవారి కోసం కాచుకుని కూర్చున్నాయి. చివరికి వచ్చినవాళ్ళం మనం, ముక్కూ మొహమూ తెలియనివాళ్ళం.

ఈ విషయంలో మనం వాళ్ళను చూసి జాలిపడే స్థితిలో లేము. కార్నింగ్ కంపెనీవారు 1970లో కోరెల్ అనే పల్చని గాజు పళ్ళేలు ప్రవేశపెట్టారు. బరువు లేదు, ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి, తొందరగా పగలవు. బంగారు రంగు సీతాకోకచిలుకలు, పువ్వుల అంచు ఉన్నవి చూడగానే "మా ఇంట్లోవే!" అనే తెలుగువారు ఈ దేశంలో ఎందరో. ఆ పళ్ళేల మీద మాకు గౌరవమే, ఒక తరాన్ని పోషించాయి. కాని వాటి వెనకే అద్దాల బీరువా ఉంటుంది. అందులో అతిథుల సెట్టు. అతిథి లేచి వెళ్ళగానే అది కడిగి, తుడిచి, మధ్యమధ్య కాగితం పెట్టి లోపలికి. పిల్లవాడు చెయ్యి చాస్తే "అది మంచిదిరా, ముట్టుకోకు!" అన్న మాట మనందరం అన్నదే, విన్నదే. అప్పుడు ఆ పిల్లవాడికి తెలిసేదేమిటి? మంచిది తనకోసం కాదని.

అతిథి మాటకు మన సంస్కృతిలో గొప్ప బలం ఉన్న సంగతి మరిచిపోయి ఇలా రాయడం లేదు. అతిథిని దైవంగా చూడమని తైత్తిరీయోపనిషత్తు శిష్యుడికి చెబుతుంది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టి అన్నపూర్ణ అనిపించుకున్నారు. అయితే ఆమె కీర్తి పళ్ళేనిది కాదు, వేళకు పెట్టిన అన్నానిది. ఆకలిగొన్న అపరిచితుడికి పెట్టడం వేరు. మన ఉద్యోగాన్నీ ఇంటినీ అంచనా వేసుకుపోయే సాటి డాక్టరుగారి కుటుంబానికి బంగారు అంచు పళ్ళెం పెట్టడం వేరు. రెండింటినీ అతిథి సేవ అనే ఒక్క మాట కింద చేర్చి మనల్ని మనం మోసం చేసుకోకూడదు.

వాలెంటైన్ బల్లలో మాకు నచ్చిన విషయం సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ రోజు అతిథులు ఉండరు. ఇంట్లో ఉన్నదాంట్లో మంచిదంతా ఇంట్లోవాళ్ళకే తీస్తారు. రోజూ కోరెల్ పళ్ళెంలో తినే మొగుడికి, రోజూ గిన్నెలో మిగిలింది తినే పెళ్ళానికి, పాలు ఒలకబోసే పిల్లకు. ఏరి తెచ్చిన సామాను గనక ఒకటి పగిలినా సెట్టు చెడిందని ఏడుపు లేదు. పన్నెండింటిలో ఒకటి పోతే మిగతా పదకొండుకూ విలువ తగ్గే సామాను పిల్లల చేతికి ఎవరిస్తారు? అసలు జత కుదరని సామానుకు ఆ భయం లేదు. మేము చూసినంతలో ఈ బల్లకు ఉన్న గొప్ప గుణం ఇదే, పూలూ కొవ్వొత్తులూ దాని తరవాతే.

జత కుదరకపోవడంలో మరొక సౌకర్యం ఉంది. మనలో చాలా ఇళ్ళలో ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఉంటారు. పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగా భార్యాభర్తలు కొవ్వొత్తి వెలుగులో ఎదురెదురుగా కూర్చుని తినడమేమిటని మొహమాటం. ఆ మొహమాటం సహజమే, దాన్ని వెనకబాటుతనం అనుకోనక్కరలేదు. కాని దానికి మందు బల్లను ఎత్తెయ్యడం కాదు, బల్లను పెంచడం. ఆ పెద్దావిడకు ఎవరో తిన్న పింగాణీ వద్దు. ఆవిడ స్టీలు కంచం ఉంది, అడుగున పేరు, పెట్టిన తేదీ చెక్కించి ఉంటుంది. పాత పట్టుచీరలిచ్చి స్టీలు సామాను కొన్న కాలం నాటిది. పన్నెండు ఒకే రకం పళ్ళేల మధ్య ఆ కంచం పరాయిదిగా కనిపిస్తుంది. గులాబీ గాజు, ఎర్ర విల్లో, తెల్ల పింగాణీ, ఏదీ దేనికీ అతకని బల్ల మీద స్టీలు కంచం కూడా ఏరి తెచ్చిన వస్తువుల్లో ఒకటై కూర్చుంటుంది. నిజానికి ఆ బల్ల మీద ఎవరిదో, ఎప్పటిదో పేరు రాసి ఉన్నది అదొక్కటే.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: ఈ బల్ల అంతా అమర్చింది ఎవరు? కొనుక్కొచ్చింది, కడిగింది, గుడ్డ ఇస్త్రీ చేసింది, వండింది, ఆ తరవాత వేడివేడిగా వడ్డిస్తూ నిలబడింది ఎవరు? చాలా ఇళ్ళలో జవాబు ఒక్కటే. తన బహుమతిని తనే కొని, తనే కాగితంలో చుట్టి, తనే విప్పుకుని ఆశ్చర్యపోవలసిన పరిస్థితి ఆవిడది. మన ఆచారంలో వడ్డించే చెయ్యి చివర తింటుంది. కొసరి కొసరి వడ్డించడం ప్రేమకు గుర్తు అని మనం నమ్ముతాం, అది నిజం కూడా. మా అమ్మలు అలాగే పెంచారు. కాని వాళ్ళు తింటుండగా మనం చూసినది ఎన్నిసార్లు? వంటింట్లో పీట మీద, చల్లారిన అన్నంతో, అదీ మధ్యలో ఎవరో పిలిస్తే లేచి. వాళ్ళకు ఏ కూర ఇష్టమో చెప్పమంటే చాలామందిమి తడుముకుంటాం.

ఇద్దరికని పరిచిన బల్లకు ఒక మొండి లెక్క ఉంది. రెండో కుర్చీ ఖాళీగా ఉంటే అది కనిపిస్తూనే ఉంటుంది. బంతి భోజనంలో వడ్డించే మనిషి కూర్చోకపోయినా ఎవరికీ తెలియదు. ఇక్కడ దాచడానికి వీలు లేదు. కనుక ఆ రోజు వంట ఆవిడ కూర్చోవడానికి వీలైనదిగా ఉండాలి. ఒక్కొక్కటే పొయ్యి మీంచి రావలసిన పూరీలు, దోసెలు, పుల్కాలు వద్దు. ముందే కలిపి పెట్టుకునే పులిహోర, ఒక పప్పు, చల్లారినా రుచి చెడని వంకాయ కూర, గులాబీ గాజు కప్పుల్లో సేమ్యా పాయసం. అన్నీ బల్ల మీదనే పెట్టి ఎవరికి వారు వడ్డించుకోవచ్చు. (ఒక చిన్న సలహా. ఈ దేశపు వెడల్పాటి పళ్ళెం మన చారుకు శత్రువు, అన్నంలో పోసింది అంచు దాటి బల్లగుడ్డ మీదికి వస్తుంది. సూపు పళ్ళేలు అని కొంచెం లోతుగా ఉండేవి ఏరుకోండి.) వండేది మగవారైతే మరీ మంచిది. పులిహోర కలపడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అడ్డు రాదని మా దగ్గర సాక్ష్యం ఉంది.

పూల సంగతి చెప్పకపోతే బల్ల పూర్తి కాదు. అమెరికాలో ఆ వారం అమ్ముడుపోయే గులాబీల్లో ఎక్కువ భాగం కొలంబియా, ఈక్వడార్ దేశాల నుంచి విమానాల్లో మయామీకి దిగినవి. బొగోటా పరిసరాల్లో 2,600 మీటర్ల ఎత్తున ఉన్న మైదానంలో ఏడాది పొడుగునా ఒకే తీరు వెలుతురు, చల్లదనం ఉండడం చేత గులాబీ కాడ నిటారుగా, పొడుగ్గా పెరుగుతుంది. 1991లో అమెరికా ఒక చట్టం చేసి ఆ దేశాల పూల మీద సుంకం ఎత్తివేసింది. ఆ తోటల్లో కోసేవారు, ముళ్ళు తీసి కట్టలు కట్టేవారు ఎక్కువగా ఆడవాళ్ళు. ఫిబ్రవరికి ముందు వారాల్లో వాళ్ళకు పగలూ రాత్రీ పనే. కొలంబియాలో ప్రేమకూ స్నేహానికీ కేటాయించిన రోజు సెప్టెంబరులో వస్తుంది. అంటే ఫిబ్రవరి పద్నాలుగు వాళ్ళకు పండుగ కాదు, పని ఒత్తిడి తగ్గే రోజు. దీనిచేత గులాబీ కొనడమే పాపమని మేము అనము. కొనకపోతే ఆ తల్లుల జీతం పెరగదు. కాని డజను గులాబీలు తేకపోతే ప్రేమ లేదన్నట్టు లెక్కలు వేసే భర్తలూ భార్యలూ ఆ డజను ఎన్ని చేతులు దాటి వచ్చిందో ఒకసారి లెక్కపెట్టవచ్చు.

మనకు పూల వాడకం వేరే విధంగా తెలుసు. దేవుడికి, జడకు, గుమ్మానికి. అన్నం దగ్గర పూలు పెట్టడం మన అలవాటు కాదు. దానికి కారణం ఉంది. మల్లెపూల వాసన, ఇంగువ తాలింపు వాసన ఒకచోట ఇమడవు. కనుక బల్ల మీదికి వాసన లేని పూలే మంచివి. ఎత్తు కూడా తక్కువగా ఉండాలి, ఎదుటి మనిషి ముఖం కనపడకుండా పూలు పెట్టుకుంటే ఇంక ఆ భోజనం ఎవరితో? పూలను పళ్ళెంలో పేర్చడంలో బతుకమ్మను మించిన విద్య లేదు. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు గాని, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నాలుగు బంతులు, చామంతులు కాడలు తుంచి వదిలితే ఒక గులాబీ గుత్తి ఖరీదులో పదో వంతు కూడా కాదు. ఇంకొక ఉపాయం ఇక్కడివారిది. ఫిబ్రవరి మొదట్లో పెరట్లోని ఫోర్సిథియా కొమ్మలు కోసి తెచ్చి నీళ్ళలో ఉంచితే ఇంటి వెచ్చదనానికి రెండు మూడు వారాల్లో పసుపుపచ్చగా పూస్తాయి. బయట ఇంకా మంచు ఉండగానే. ఏ పువ్వయినా తినే పదార్థం మీద అలంకరించే ముందు మాత్రం అది ఏమిటో తెలుసుకోవాలి. మన గన్నేరు సంగతి పిల్లలకు చెప్పినట్టే ఇక్కడి లిల్లీ ఆఫ్ ద వ్యాలీ సంగతీ చెప్పాలి. చూడడానికి ముత్యాలు, తింటే విషం.

భోజనం అయ్యాక ఇంకొక పని మిగులుతుంది. బంగారు అంచు ఉన్నవి, పాత గాజువి డిష్‌వాషరులో వెయ్యకూడదు. ఆ వేడికి, ఆ సబ్బుకు బంగారం చెరిగిపోతుంది, గాజు మసకబారి మళ్ళీ తేటపడదు. తొట్టిలో అడుగున ఒక తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళలో ఒక్కొక్కటిగా చేత్తో కడగాలి. ఇద్దరి పని అది, ఒకరు కడిగితే ఒకరు తుడవాలి. ఆ తుడిచే గుడ్డ ఎవరి భుజం మీద ఉండాలో ఈసారి సంఘం సమావేశంలో మగవారు తేల్చి చెబితే వచ్చే సంచికలో అచ్చు వేస్తాం.